కొత్త నాన్నల కోసం వచ్చిన సేవలు: ఏవి పనిచేస్తాయి, ఏవి పేరుకే మిగులుతాయి

కాబోయే తండ్రులకూ, కొత్తగా తండ్రులైనవారికీ ఉద్దేశించి ప్రసూతి సేవల్లో ఇప్పుడు దొరుకుతున్నవి స్థూలంగా ఐదు రకాలు: ఫోనుకు వచ్చే సందేశాలు, యాప్ లేదా చేతిపుస్తకం, కాన్పుకు ముందు పెట్టే ఒక పూట తరగతి, నెలల తరబడి సాగే బృంద సమావేశాలు, మనసు ఎలా ఉందో కనిపెట్టే ప్రశ్నావళి. వీటిని కొనే ఆసుపత్రి, నడిపే సంస్థ, వాడే తండ్రి అనే ముగ్గురి అవసరాలనూ ఎదురుగా పెట్టుకుని రాసిన సమీక్ష ఇది.

ముందుగా మా తీర్పు. ఈ ఐదింటిలో ఏది మూలపడినా లోపలి సరుకు బాగోలేక మూలపడడం అరుదు. తండ్రి పేరు, నంబరు రాసుకునే గడి రికార్డులో లేకపోవడం వల్లనే ఎక్కువ పథకాలు చతికిలబడతాయి. "పిలిచినా నాన్నలు రారండీ" అనే సిబ్బందిని "ఎలా పిలిచారు?" అని అడిగి చూడండి. గోడ మీద పోస్టరు అంటించామనో, గర్భిణితో చెప్పి పంపామనో అంటారు. ఆ రెండింటినీ పిలుపు అనలేం. అందుకే సేవల జోలికి వెళ్లేముందు నమోదు ఫారం సంగతి చూడాలి.

నమోదు ఫారం

ఫారంలో ఉండాల్సినవి తక్కువే: తండ్రి పూర్తి పేరు, అతని సొంత ఫోన్ నంబరు, ఏ భాషలో సందేశం కావాలి, ఏ వేళలో ఫోన్ చేస్తే ఎత్తగలడు, ఒకే ఇంట్లో ఉంటున్నారా లేదా. ఇంకో ప్రశ్న కూడా కావాలి: "పుట్టాక బిడ్డను చూసుకునేది ఎవరెవరు?" ఉద్యోగం కోసం దూరాన ఉన్న తండ్రి, విడిగా ఉంటున్న తండ్రి, సవతి తండ్రి, దత్తత తీసుకోబోయే తండ్రి అందరూ ఈ ఒక్క ప్రశ్నలో పట్టేస్తారు. "భర్త పేరు" అని మాత్రమే అడిగితే వీళ్లలో సగంమంది జారిపోతారు.

నంబరు అతనిదే కావాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆమె ఫోనుకు పంపి "మీ ఆయనకు చూపించండి" అంటే ఇప్పటికే పొట్టతో, వాంతులతో, ఉద్యోగంతో సతమతమవుతున్న మనిషికి ఇంకో పని పెట్టినట్టు. పైగా భార్య చెప్పింది కాబట్టి చదివే మాటకూ, తన పేరుతో తన ఫోనుకు వచ్చిన మాటకూ తేడా ఉంటుంది.

అయితే ఇదంతా ఆమె ఒప్పుకున్నాకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో గర్భం, కాన్పు, ఆ తర్వాతి కాలంలో పురుషుల భాగస్వామ్యాన్ని పెంచే కార్యక్రమాలను సిఫారసు చేస్తూనే గట్టి షరతు పెట్టింది: ఆమె ఇష్టాన్నీ, సొంతంగా నిర్ణయం తీసుకునే హక్కునూ గౌరవించేలా, వాటికి ఊతమిచ్చేలా మాత్రమే వాటిని నడపాలి. ఆచరణలో దీనికి మూడు పనులున్నాయి. ఆమెను కనీసం ఒక్కసారైనా ఒంటరిగా చూడాలి. ఇంట్లో హింస ఉందా అనే ప్రశ్న ఆ ఒంటరి సమయంలోనే అడగాలి. తండ్రి నంబరు రాసుకోవడానికి ఆమె సమ్మతి, సందేశాలు పంపడానికి అతని సమ్మతి విడివిడిగా తీసుకోవాలి. తండ్రులను కలుపుకుపోవాలన్న ఉత్సాహంలో ఆ ఒంటరి సమయాన్ని ఎత్తేసిన సేవకు మేము సున్నా మార్కులే వేస్తాం, మిగతాదంతా ఎంత బాగున్నా సరే.

నంబరు తీసుకునే సందర్భం కూడా ముఖ్యం. తండ్రి తప్పకుండా రావాలనుకునే రోజు స్కానింగు రోజు, అందులోనూ ఇరవయ్యో వారం దగ్గర చేసేది. తెర మీద బిడ్డను చూసి బయటికొచ్చిన ఆ పది నిమిషాల్లో కౌంటరులో ఉన్నవాళ్లు అతని పేరు అడిగి, "మీ నంబరు చెప్తారా, మీకూ సమాచారం పంపుతాం" అంటే చాలు. గోడ మీది క్యూఆర్ కోడ్ దానికి తోడుగా ఉండాలే గాని బదులుగా కాదు.

ఫోనుకు వచ్చే సందేశాలు

ఈ కోవలో బాగా రూపుదిద్దుకున్నది ఆస్ట్రేలియాలోని ఎస్ఎంఎస్‌ఫర్‌డాడ్స్. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఫ్లెచర్ నాయకత్వంలో తయారైంది. తండ్రికి ఖర్చేమీ లేదు. కాన్పు తేదీ ఇచ్చి చేరితే గర్భకాలం నుంచి బిడ్డకు ఏడాది వచ్చేదాకా చిన్నచిన్న సందేశాలు వస్తాయి. కొన్ని బిడ్డే నాన్నతో మాట్లాడుతున్నట్టు ఉంటాయి, కొన్ని భార్యకు ఎలా తోడుండాలో చెప్తాయి, కొన్ని అతని సొంత ఆరోగ్యం గురించి. మధ్యమధ్య "ఎలా ఉన్నారు?" అనే మూడ్ పరీక్ష వస్తుంది. బాగోలేదని జవాబిచ్చినవారికి సహాయం దొరికే చోటు చూపిస్తారు. ఆదివాసీ, టోరెస్ జలసంధి దీవుల తండ్రుల కోసం ప్రత్యేక రూపం కూడా ఉంది.

దీని బలం అంతా తక్కువ అడగడంలో ఉంది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఎవరి ముందూ నోరు విప్పక్కర్లేదు, యాప్ దించుకోనక్కర్లేదు. సాయం కావాలని ఒప్పుకోవడానికే ఇబ్బంది పడే మనిషికి ఇది సరిపోయే కొలత. బిడ్డ గొంతుతో రాసిన సందేశాలు కొందరికి అతిగా అనిపించవచ్చు. కానీ "బిడ్డతో మాట్లాడండి" అని నర్సు ఆదేశించినట్టు రాసిన దానికంటే అవి చదివించుకుంటాయి.

పరిమితి కూడా అక్కడే ఉంది. సందేశం చెప్పగలదు, చేయి పట్టి నేర్పలేదు. డైపరు మార్చడం చదివి రాదు. ఇంట్లో పని పంచుకోవడం మీద ఇద్దరికీ ఉన్న పాత గొడవను వారానికి రెండు మూడు సందేశాలు తీర్చవు. ఇలాంటి సేవను విస్తృతికి కొనాలి, లోతు కోసం కాదు.

సొంతంగా ఇలాంటిది కట్టాలనుకునేవారు తప్పటడుగు వేసే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది అక్షరాల లెక్క. ఇంగ్లిష్ అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగు లిపిలో సాధారణంగా 70 మాత్రమే. సందేశం దాటి రెండో ముక్కకు వెళ్తే ఒక్కో ముక్కకు 67. పైగా గుణింతం, వత్తు, సున్న అన్నీ విడిగా లెక్కకొస్తాయి: "తండ్రి" అనే చిన్న మాటే ఆరు స్థానాలు తింటుంది. "ఈ రోజు బిడ్డను కాసేపు ఎత్తుకోండి" అనే వాక్యానికి 32 పోతాయి. అంటే మామూలు తెలుగు సందేశం రెండు మూడు ముక్కలవుతుంది, బిల్లు కూడా అన్ని రెట్లవుతుంది. ఒప్పందం రాసుకునేముందు "సందేశానికి" అంటే ముక్కకా, మొత్తానికా అని అడగండి. వాట్సాప్‌లో ఈ గొడవ లేదు గానీ డేటా లేని ఫోనుకు అది చేరదు.

రెండోది గడియారం. కాన్పు తేదీని బట్టి కదిలే సందేశాలు, బిడ్డ ముందే పుట్టిందని ఎవరూ నమోదు చేయకపోతే, ఇంక్యుబేటర్ పక్కన కూర్చున్న తండ్రికి "ఆసుపత్రి సంచి సర్దారా?" అని వస్తాయి. పుట్టిన తేదీ మార్చుకునే దారి తండ్రి చేతిలోనూ, నర్సు చేతిలోనూ రెండు చోట్లా ఉండాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఎదుగుదల సందేశాలు కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేసిన వయసు ప్రకారం వెళ్లాలి, టీకా సందేశాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే. ఈ రెండు లెక్కలను ఒకే గడిలో కలిపేసిన సాఫ్ట్‌వేర్ కొనొద్దు.

మూడోది మూడ్ పరీక్షకు వచ్చే జవాబులు. రాత్రి పదకొండుకు ఒక తండ్రి "అస్సలు బాగోలేదు" అని పంపితే అది ఎవరి ముందు పడుతుంది? పొద్దున తొమ్మిదికి ఆఫీసు తెరిచాక చూస్తామంటే ఆ ప్రశ్న అడగకపోవడమే మేలు. కనీసం ఆ జవాబుకు వెంటనే, తనంతట తానే, ఇరవైనాలుగు గంటల హెల్ప్‌లైన్ నంబరు తిరిగి వెళ్లాలి. మర్నాడు మనిషి ఫోన్ చేయాలి.

యాప్‌లు, చేతిపుస్తకాలు

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌తో కలిసి తయారైన డాడ్‌ప్యాడ్ ఈ వర్గంలో మంచి నమూనా. యాప్‌గానూ ఉంది, ముద్రిత రూపంలోనూ ఉంది. స్థానిక ఎన్‌హెచ్‌ఎస్ కొని పెట్టిన ప్రాంతాల్లో తండ్రికి ఉచితం. ప్రాంతాన్ని బట్టి స్థానిక సేవల వివరాలు చూపించడం దీని తెలివైన ఏర్పాటు. సమాచారం ఎంత ఉన్నా "నాకు దగ్గర్లో ఎవరున్నారు?" అన్నదానికి జవాబు లేకపోతే యాప్ తెరిచిన మనిషి రెండోసారి తెరవడు.

మిగతా పుస్తకాలకూ యాప్‌లకూ మేము వాడే పరీక్ష ఒకటే. రాత్రి రెండింటికి, ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, ఇంకో చేత్తో తెరిస్తే కావాల్సింది అర నిమిషంలో దొరకాలి. చాలావాటిలో దొరకదు. పిండం ఎన్నో వారంలో ఏ పండంత ఉంటుందో చెప్పడానికి ముప్ఫై పేజీలు పోతాయి, జ్వరం గురించి వెతికితే 74వ పేజీలో ఒక మూల ఉంటుంది.

ఉండి తీరాల్సిన విషయాలతో పుస్తకాన్ని తూకం వేయండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుమించి జ్వరం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని మొదటి పేజీల్లోనే ఉండాలి. నిద్ర విషయంలో: వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, దిండూ బొమ్మలూ మెత్తటి దుప్పట్లూ లేకుండా పడుకోబెట్టాలి. ఇక్కడ తండ్రుల కోసమే నొక్కి చెప్పాల్సింది సోఫా. రాత్రి బిడ్డను గుండె మీద వేసుకుని సోఫాలో కునుకు తీయడం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ బిడ్డకు ఊపిరాడకుండా పోయే ప్రమాదం ఎక్కువగా ఉండే చోట్లలో అదొకటి. ఆ ఫొటోనే అట్ట మీద వేసుకున్న పుస్తకాలు కూడా ఉన్నాయి!

డబ్బా పాలు వాడే ఇంట్లో సీసా కలపడం తరచూ తండ్రి వంతుకొస్తుంది. నీళ్లు కాచి, అరగంట దాటకుండా, 70 డిగ్రీల కంటే తగ్గకముందే పొడి కలపాలి. తర్వాత సీసాను చల్లటి నీళ్లలో ఉంచి తాగే వేడికి తేవాలి. పొడిలో ఉండగల సూక్ష్మజీవులు చావడానికే ఆ వేడి. చాలా పుస్తకాలు "కాచి చల్లార్చిన నీళ్లు" అని రాసి వదిలేస్తాయి, అసలు ప్రయోజనం అక్కడే పోతుంది. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి.

తల్లి గురించిన పేజీ మరీ ముఖ్యం, ఎందుకంటే ఇంట్లో ఆమెను దగ్గరగా చూసేది అతనే. గంటలోపే ప్యాడ్ నిండిపోయేంత రక్తస్రావం, తగ్గని తలనొప్పితో పాటు చూపు మసకబారడం, పిక్కలో ఒకవైపు వాపూ నొప్పీ, ఆయాసం, జ్వరం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరకే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే డాక్టరుకు చూపించాలి. కానీ కాన్పయిన కొద్ది రోజుల్లోనే నిద్రే లేకుండా విపరీతమైన హుషారు, పొంతన లేని మాటలు, లేనివి కనిపించడం, వినిపించడం మొదలైతే అది వేరే సంగతి, అత్యవసరం. ఈ తేడాను రెండు ముక్కల్లో చెప్పలేని పుస్తకానికి డబ్బు పెట్టొద్దు.

ఏడుపు మీద పేజీ ఎలా రాశారో కూడా చూడండి. శిశువుల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పతాక స్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు బాగా తగ్గుతుంది. ఇది ముందే తెలిసిన తండ్రి తన చేతకానితనం వల్లనే ఏడుస్తోందని అనుకోడు. బ్రిటన్‌లో నడుస్తున్న ఐకాన్ కార్యక్రమం ఈ పనిని నాలుగు మాటల్లోకి దించింది: ఏడుపు సహజం, ఊరడించే పద్ధతులున్నాయి, భరించలేకపోతే బిడ్డను భద్రమైన చోట ఉంచి కాసేపు అవతలికి వెళ్లొచ్చు, ఎట్టి పరిస్థితిలోనూ కుదపకూడదు. మూడో మాట అనుమతి ఇస్తుంది, నాలుగోది హద్దు గీస్తుంది. చాలా కరపత్రాల్లో నాలుగోదే ఉంటుంది. కుదపొద్దు అని చెప్పి, మరి ఏం చేయాలో చెప్పకపోతే ఆ క్షణంలో అది ఎందుకూ కొరగాదు.

కాన్పుకు ముందు ఒక పూట తరగతి

ఇందులో ఎప్పటినుంచో ఉన్న నమూనా అమెరికాలోని బూట్ క్యాంప్ ఫర్ న్యూ డాడ్స్. 1990లో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో మొదలైంది. దీని కిటుకు సులువైనది: కొన్ని నెలల క్రితమే తండ్రులైనవాళ్లు బిడ్డలను ఎత్తుకుని వస్తారు, కాబోయే తండ్రులు వాళ్లను చూసి, అడిగి, ఆ బిడ్డలను ఎత్తుకుని నేర్చుకుంటారు. నిపుణుడి ఉపన్యాసం వెనక్కి పోతుంది. తర్వాత నేర్చుకున్నవాళ్లే బిడ్డతో తిరిగొచ్చి నేర్పుతారు. కాబట్టి బయటినుంచి మనుషులను వెతకాల్సిన పని తగ్గుతుంది. చేతిలో సజీవమైన బిడ్డ ఉన్నప్పుడు పుట్టే ప్రశ్నలు స్లయిడ్ చూస్తే పుట్టవు. మాకు ఈ ఐదు రకాల్లో కొన్న డబ్బుకు ఎక్కువ తిరిగొచ్చేది ఇదే అనిపిస్తుంది.

ఇలాంటిది పెట్టేవారికి కొలతలు: ఎనిమిది నుంచి పన్నెండు మంది, రెండున్నర గంటలు, గర్భం 28 నుంచి 34 వారాల మధ్య. 36 దాటాక పెడితే కొందరు తరగతికి బదులు లేబర్ రూములో ఉంటారు. ఇద్దరికి ఒక బొమ్మ చొప్పున కావాలి, అదీ మూడు కిలోల బరువుతో, మెడ నిలవనిది. ఆటబొమ్మతో నేర్చుకున్నవాడు మెడ కింద చేయి పెట్టడం మర్చిపోతాడు. వేళ సాయంత్రమో సెలవు రోజో అయితేనే ఉద్యోగస్తుడు రాగలడు. పనిదినం ఉదయం పదకొండుకు పెట్టి "ఎవరూ రాలేదు" అని నివేదిక రాయడం కూడా ఒక సంప్రదాయమే.

నూట యాభై నిమిషాలను ఇలా పంచితే బాగా సాగుతుంది. పరిచయాలకూ భయాలు చెప్పుకోవడానికీ ఇరవై. అనుభవం ఉన్న తండ్రి, అతని బిడ్డ, ప్రశ్నలు: ముప్ఫై. బొమ్మలతో ఎత్తుకోవడం, డైపరు, త్రేన్పు తెప్పించడం, స్నానం: నలభై. ఏడుపు, నిద్ర: ఇరవై. బాలింత కోలుకోవడం, ప్రమాద సూచనలు: ఇరవై. అతని సొంత మనసు: పదిహేను. చివరి అయిదు నిమిషాలు అక్కడికక్కడే సందేశాల సేవలో నమోదు. నొప్పుల దశల గురించి ఏమీ లేదేమిటని నర్సులు అభ్యంతరం చెప్తారు. దాన్ని ఇద్దరూ కలిసి వచ్చే తరగతిలో చెప్పండి. ఇక్కడ మూడో వంతు సమయం దానికే పోతే ఇంటికొచ్చాక బిడ్డతో ఏం చేయాలన్నదే మిగిలిపోతుంది.

నడిపేది మగవాడే కావాలా? సొంత మనసు గురించిన ఆ పదిహేను నిమిషాల్లో మాత్రం ఇంకో తండ్రి నోటి నుంచి వచ్చిన మాటే పనిచేస్తుంది. మిగతాదంతా బాగా నేర్పే ఏ నర్సయినా నడపగలదు. మగ సిబ్బంది లేరని తరగతే మానేయడం సాకు.

దీని లోపం ఒక్కటే, కానీ చిన్నది కాదు: ఒక పూటతో అయిపోతుంది. బిడ్డకు మూడో నెలలో ఒక ఫోను, ఆరో నెలలో ఒక సాయంత్రం కలయిక లేకుండా అమ్మే తరగతిని సగం వస్తువుగానే లెక్కేయండి.

నెలల తరబడి సాగే సమావేశాలు

రువాండాలో జరిగిన బందెబెరెహో అనే కార్యక్రమం దీనికి గట్టి ఉదాహరణ. రువాండా మెన్స్ రిసోర్స్ సెంటర్, ప్రోముండో అనే రెండు సంస్థలు కలిసి నాలుగు జిల్లాల్లో నడిపాయి. తండ్రులకు 15 సమావేశాలు, వాటిలో ఎనిమిదింటికి భార్యలు కూడా వచ్చారు. శిక్షణ పొందిన స్థానిక తండ్రులే నడిపారు. సుమారు 1,200 జంటలను రెండు గుంపులుగా చేసి పోల్చిన అధ్యయనం 2018లో వచ్చింది. 21 నెలల తర్వాత చూస్తే, సమావేశాలకు వెళ్లిన కుటుంబాల్లో భర్త చేతిలో హింస తక్కువగా ఉందని స్త్రీలే చెప్పారు. గర్భకాల పరీక్షలకు హాజరు, భర్త తోడు రావడం పెరిగాయి, బిడ్డ పనిలో ఇంటిపనిలో మగవాళ్ల వంతు పెరిగింది.

భార్యతో మాట తీరు, ఇంటి నిర్ణయాల్లో ఎవరి మాట చెల్లుతుంది వంటివి కదలాలంటే సందేశాలూ యాప్‌లూ చాలవు, ఇంత సమయం పడుతుంది. దీన్ని దిగుమతి చేసుకునే సంస్థలు చేసే మొదటి పని పదిహేనును నాలుగుకు కుదించడం. కుదించాక అదే పేరు వాడుకోవడం రెండో పని. పదిహేను సమావేశాల ఫలితం చూపించి నాలుగింటికి డబ్బు అడిగితే ఇవ్వకండి. అంత సమయం లేనివాళ్లు బూట్ క్యాంప్ పద్ధతినే చక్కగా చేసుకోవడం మంచిది.

ప్రశ్నావళి

అందరూ ముందు కొనాలనుకునేది ఇదే, ఎందుకంటే కాగితం చవక. మేము చివర పెట్టిన కారణం కూడా అదే.

ఎడిన్‌బరో ప్రసవానంతర కుంగుబాటు కొలమానం 1987లో కాక్స్, హోల్డెన్, సాగోవ్‌స్కీ తల్లుల కోసం తయారుచేశారు. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి, ఒక్కో దానికి సున్నా నుంచి మూడు, మొత్తం 30. అయిదు నిమిషాల పని. తండ్రులకూ దీన్నే వాడుతున్నారు, కానీ తల్లుల గీతనే (ఇన్ని మార్కులు దాటితే కుంగుబాటు ఉండొచ్చనే హద్దు) వాళ్లకూ గీస్తే కొందరు తప్పిపోతారు. ఏడుపు గురించిన ప్రశ్నకు మగవాళ్లు తక్కువ మార్కులు వేసుకుంటారు. 2001లో ఆస్ట్రేలియాలో మాథీ బృందం చేసిన పరిశీలన, తండ్రులకు గీతను సుమారు రెండు మార్కులు కిందికి దించాలని చెప్పింది. ఇంకో చిక్కు: మగవాళ్లలో కుంగుబాటు దిగులుగా కాక చిరాకుగా, కోపంగా, ఇంటికి ఆలస్యంగా రావడంగా, తాగుడు పెరగడంగా బయటపడొచ్చు. ఈ పది ప్రశ్నలు వాటిని అడగవు. కాబట్టి ఫారంతో పాటు నోటితో రెండు మాటలు అడగాలి: కోపం ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది.

ఎప్పుడు అడుగుతున్నారన్నది ఇంకా పెద్ద లోపం. 2010లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పాల్సన్, బేజ్‌మోర్‌ల సమగ్ర విశ్లేషణ ప్రకారం గర్భకాలం నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా సుమారు పదిమంది తండ్రుల్లో ఒకరికి కుంగుబాటు కనిపిస్తుంది, అది ఎక్కువగా ఉండేది మూడు నుంచి ఆరు నెలల మధ్య. ప్రసూతి సేవలేమో ఆరు వారాలకు తలుపు మూసేస్తాయి. అప్పుడు అడిగి "అందరూ బాగున్నారు" అని రాసుకోవడంలో అర్థం లేదు. మూడో నెల టీకా దగ్గరో, ఆరో నెల దగ్గరో అడగాలి. భార్య కుంగుబాటులో ఉంటే భర్తకూ ఆ ముప్పు బాగా ఎక్కువ, అక్కడ మాత్రం వెంటనే అడగాలి. ఇంగ్లండ్ ఎన్‌హెచ్‌ఎస్ 2019 దీర్ఘకాల ప్రణాళికలో పెట్టిన ఏర్పాటు ఇలాంటిదే: ప్రత్యేక మానసిక చికిత్స పొందుతున్న తల్లుల భాగస్వాములకు కూడా పరీక్ష చేసి, అవసరమైన చోటికి పంపడం.

ఇక ఆ కాగితం ఎక్కడ పెడతారు? తండ్రి ప్రసూతి విభాగంలో రోగి కాదు, అతని పేరున ఫైలు ఉండదు. తల్లి ఫైలులో పెడితే అతని రహస్యం ఆమె చూస్తుంది, ఎక్కడా పెట్టకపోతే ఆ మార్కులకు జవాబుదారీ ఉండదు. దీనికి ముందే జవాబు రాసుకోని సేవ ప్రశ్నావళి పంచకూడదు. విడిగా ఒక నమోదు సంఖ్య, విడి ఫైలు, అతని కుటుంబ డాక్టరుకు పంపడానికి అతని సమ్మతి అవసరం. ఫారం ఇచ్చేటప్పుడు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టొద్దు, ఒకరి జవాబు ఒకరు చూస్తూ నింపితే రెండూ చెడతాయి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతయినా సరే, అదే రోజు, అతను ఆ గది దాటకముందే మనిషి మాట్లాడాలి. మాట్లాడే మనిషి లేని రోజున ఫారం బయటికి తీయొద్దు.

మార్కులు రోగనిర్ధారణ కాదు. గీతకు అటూఇటూగా వచ్చినవారికి రెండు వారాల తర్వాత మళ్లీ ఇవ్వడం ఆనవాయితీ. ఎక్కువ వచ్చినవారికి తమలాంటి తండ్రులతో మాట్లాడే వేదికలు మంచి తొలి మెట్టు. పోస్ట్‌పార్టమ్ సపోర్ట్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఆన్‌లైన్‌లో తండ్రుల కోసం అలాంటివి నడుపుతోంది. అయితే అవి చికిత్సకు బదులు కావు.

ఏది ముందు కొనాలి

డబ్బు కొంచెమే ఉంటే నమోదు ఫారం మార్చండి, దానికి దాదాపు ఖర్చు లేదు. తర్వాత సందేశాలు. మనుషులు దొరికితే ఒక పూట తరగతి, దానితోపాటు మూడో నెల ఫోను. చేతిపుస్తకం ఉన్నదాన్ని దిద్దుకున్నా చాలు. ప్రశ్నావళి, పంపడానికి కౌన్సెలర్ ఖాయమయ్యాకే. వార్డులో రాత్రి అతను కూర్చోవడానికి కుర్చీ, మగవాళ్ల మరుగుదొడ్డి దగ్గర కూడా డైపరు మార్చే బల్ల ఈ జాబితాలో ఎక్కడైనా దూర్చండి.

ఏ సేవ నడిచినా నెలనెలా అయిదు లెక్కలు అడగండి: నమోదైన గర్భిణులు ఎందరు, వాళ్లలో తండ్రి పేరు ఉన్నవి ఎన్ని, నంబరు ఉన్నవి ఎన్ని, పేరు పెట్టి పిలిచింది ఎందరిని, వచ్చింది ఎందరు. చివరి అంకె ఒక్కటే ఇచ్చి "ఆసక్తి లేదు" అంటే నమ్మకండి. ఎక్కడ కారిపోతోందో మొదటి నాలుగే చెప్తాయి.

అమ్మకందారు ఎదురుగా కూర్చున్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. గర్భం నిలవకపోయినా, బిడ్డ చనిపోయినా సందేశాలూ, యాప్ గుర్తుచేతలూ, తరగతి పిలుపులూ అన్నీ ఒక్క ఫోనుతో, ఆ గంటలోనే ఆగుతాయా? ఆపే అధికారం రాత్రి డ్యూటీ నర్సుకు ఉందా? ఆగిన తర్వాత తండ్రికి మనిషి చేసే ఫోను ఎప్పుడు వెళ్తుంది, ఎవరు చేస్తారు? తెర మీద ఆ మీట ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే మిగతా ప్రదర్శన చూడనక్కర్లేదు.